ఆకుపచ్చ చుక్క

మధ్యలోంచి అంచుకి తుడవాలి. గుండ్రంగా తిప్పుతూ తుడిస్తే డిస్కు మీద గీతలు పడతాయి. ఈ సంగతి పెళ్ళైన కొత్తలో ఆయన నా చెయ్యి పట్టుకుని మరీ నేర్పించారు. అది సరసం అనుకుని మురిసిపోయాను. ఆ రోజు ఆయన నాకు అప్పజెప్పింది ఒక ఉద్యోగమని చాలా ఆలస్యంగా తెలిసింది. జీతం లేదు, సెలవు లేదు, మానేస్తానంటే రాజీనామా తీసుకునే నాథుడూ లేడు. దానికి మా ఇంట్లో ఒక పేరు మాత్రం ఉంది. చెకింగ్.

ఆయనకి సినిమాలు పోగుచేసే పిచ్చి. పిచ్చి అంటే ఒప్పుకోరు, సేకరణ అనాలి. కాలేజీలో చరిత్ర చెబుతారు కాబట్టి ఆ మాటకి ఒక గౌరవం కూడా ఉంది. హాల్లో గోడలన్నీ అరలే. పై అరల్లో పాత క్లాసిక్స్, కళ్ళకెదురుగా ఉండే అరల్లో పెద్ద పెద్ద ఉత్సవాల్లో బహుమతులు కొట్టినవి. మూతపడ్డ వీడియో షాపుల నుంచి, పోయినవాళ్ళ ఇళ్ళ నుంచి అట్టపెట్టెల్లో వస్తుంటాయి. ఒకరు వాడినవి కాబట్టి మరకలుంటాయి, గీతలుంటాయి, ఒక్కోసారి పైన పెట్టె ఒకటీ లోపల సినిమా ఇంకొకటీ ఉంటాయి. నేను ఒక్కోదాన్నీ తుడిచి, ప్లేయర్లో వేసి, ఎక్కడా ఇరుక్కోకుండా చివరిదాకా నడుస్తోందని చూసుకుని, పెట్టె వీపు మీద ఆకుపచ్చ చుక్క స్టిక్కరు అంటించాలి. చుక్క ఉన్నదే అరలోకి ఎక్కుతుంది. లేనిది ఎంత గొప్ప సినిమా అయినా అట్టపెట్టెలో పడి ఉండాల్సిందే.

ఒక్కో సినిమానీ తీరిగ్గా చూస్తూ కూర్చుంటే ఇల్లు నడవదు. అందుకని వేగంగా తిప్పుతాను, సౌండ్ తీసేసి. అది అత్తయ్య నిద్రపోయే వేళ. పొద్దున పూటంతా కళ్ళజోళ్ళ షాపులో బిల్లులు కొట్టి, ఇంటికొచ్చి, మా ఇద్దరి తిండీ అయ్యాక, ఆరిన బట్టల కుప్ప ముందేసుకుని ఒక కన్ను తెర మీద పెడతాను. ఆ వేగంలో అందరూ కంగారుగానే ఉంటారు. ఏడ్చేవాళ్ళు ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు ఏడుస్తారు. ముసలివాళ్ళు టక్కున చచ్చిపోతారు. ఒక తువ్వాలు మడత పెట్టేలోపు ప్రేమించుకుంటారు, ఇంకో తువ్వాలు మడత పెట్టేలోపు విడిపోతారు. ప్రపంచంలో జనం గొప్పవని ఒప్పుకున్న సినిమాలన్నీ నేను ఇలాగే చూశాను. చూశాను అనకూడదేమో. చెక్ చేశాను.

ఆదివారం మధ్యాహ్నాలు ఆయన స్నేహితులు వస్తారు. ఆయన్ని వాళ్ళు ముద్దుగా భోషాణం అంటారు, ఏ సినిమా అడిగినా అందులోంచి తీసి చూపిస్తారని. వేసే ముందు ఆయన కాసేపు మాట్లాడతారు. బాగా మాట్లాడతారు, లేదని ఎందుకనాలి. ఒకసారి ఇంటి చాకిరీలో నలిగిపోయిన ఆడమనిషి కథ ఏదో వేస్తూ, ఆమె మౌనం గురించి చెబుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. పూడుకుపోయిన గొంతుతోనే, నా వైపు చూడకుండా, ఖాళీ కప్పు పక్కకి చాపారు. నేను అందుకున్నాను. "మీరూ కూర్చోండి వదినా" అన్నారు స్నేహితుల్లో ఒకాయన. "తనకి సినిమాలంటే అంత ఇంట్రెస్టు లేదులే" అని నా తరఫున ఆయనే చెప్పేశారు. లోపలి గదిలోంచి అత్తయ్య కూడా అందుకుంది, దానికి ఒక చోట కూర్చునే నిలకడేదీ అని. నాకు నిలకడ లేదట. వంటింట్లోకి వెళ్ళి ఆ కప్పు కడుగుతూ చాలాసేపు ఆ మాటనే నమిలాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇంటి తాళంచెవి ఆయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. అయినా బెల్లే కొడతారు. ఇంటికొస్తే ఎదురొచ్చి తలుపు తీసే మనిషి ఉండాలి, లేకపోతే అది ఇల్లెలా అవుతుంది, లాడ్జి అవుతుంది అంటారు. ఒకసారి నేను స్నానాల గదిలో ఉన్నాను. బెల్లు మోగుతూనే ఉంది. ఒంటి మీది నురగ సరిగ్గా కడుక్కోకుండానే బట్టలు చుట్టుకుని, తడి కాళ్ళతో జారబోయి, గోడ పట్టుకుని వెళ్ళి తలుపు తీశాను. ఆయన గుమ్మంలో తాళంచెవిని వేలికి తిప్పుకుంటూ నిలబడి ఉన్నారు. కోపంగా కూడా లేరు. మామూలుగా లోపలికి వచ్చి, టీ ఉందా అన్నారు.

సినిమాల పిచ్చి అసలు మా అమ్మది. నాన్నకి అవంటే గిట్టదు. నాన్న ఆఫీసుకి వెళ్ళాక, నా బడి లేని రోజు చూసుకుని, అమ్మ నన్ను మ్యాట్నీకి తీసుకెళ్ళేది. ఆ ఇంటికి ఒకటే తాళంచెవి. అది అమ్మ చేతిసంచిలో ఉండేది. నాన్న వచ్చేసరికి తలుపు తీసి ఉండాలి, టీ నీళ్ళు మరుగుతుండాలి, మా ఇద్దరి మొహాల్లో సినిమా కనపడకూడదు. అందుకని ఏ సినిమా చివరా మేం చూడలేదు. మంచి పట్టులో ఉండగా అమ్మ నా చెయ్యి పట్టుకుని లేచేది. జనం కాళ్ళు తొక్కుకుంటూ, తిట్లు తింటూ వరస దాటి బయటపడేవాళ్ళం. ఇంటిదాకా పరుగులాంటి నడక. ఆ నడకలో మిగతా కథంతా అమ్మ చెప్పేది. తనే అల్లేది. దుర్మార్గుడు మారిపోయేవాడు, తప్పిపోయిన బిడ్డ దొరికేది, అలిగి వెళ్ళిన ఆడవాళ్ళందరూ ఇంటికి తిరిగొచ్చేవాళ్ళు. మా వీధి మలుపు తిరిగేసరికి సినిమా అయిపోయేది.

అలా సగంలో వదిలేసిన వాటిలో ఒక పడవ సినిమా ఉంది. నలుపు తెలుపు, మాటలు బాగా తక్కువ. నదికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి లావుపాటి తాడు కట్టి ఉంటుంది. పడవలో నిలబడి ఆ తాడుని లాగుతూ జనాన్ని దాటించాలి. పని పడవవాడిది, లాగేది అతని పెళ్ళాం. అతను ఒడ్డున చెట్టు నీడన కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెబుతుంటాడు. ఆమె అందర్నీ అవతల దింపుతుంది, తను మాత్రం పడవ దిగదు. దిగేలోపే మళ్ళీ ఇవతలి నుంచి కేక వినిపిస్తుంది. ఒకరోజు జనం ఎవరూ లేని వేళ ఆమె ఒక్కతే వచ్చి పడవెక్కి, తాడు అందుకుంటుంది. సరిగ్గా అక్కడ అమ్మ లేచింది.

దారిలో అడిగాను, ఆమె ఎక్కడికి వెళ్తోందమ్మా అని. ఎక్కడికీ లేదు, అవతలిదాకా వెళ్ళి వచ్చేస్తుంది అంది అమ్మ. వచ్చేస్తుందని నీకెలా తెలుసు అన్నాను. తాళంచెవి అప్పటికే సంచిలోంచి తీసి పిడికిట్లో పట్టుకుని ఉంది.

"రాకపోతే, మనం మాత్రం ఇంటికెలా వెళ్తామే?" అంది.

అమ్మ పోయి చాలా కాలమైంది. ఒక్క సినిమా చివర కూడా చూడకుండా పోయింది. దాని గురించి ఏడవాలని అప్పుడు నాకు తోచలేదు. ఎవరికి భోజనాలు అందాయో ఎవరికి అందలేదో చూసుకోవడంలో ఆ రోజులు గడిచిపోయాయి.

ఆ మధ్య ఒక అట్టపెట్టెలో ఆ పడవ సినిమా వచ్చింది. పెట్టె మీది బొమ్మ చూసి గుర్తుపట్టాను. ఆ తాడు, ఆ చేతులు. చెకింగ్‌కి వేసి, ఎప్పటిలా వేగంగా తిప్పుతూ, ఆమె ఒక్కతే వచ్చి తాడు అందుకునే చోటికి రాగానే ఆపేశాను. ఆ చివరిని పరుగులు పెట్టించి చూడడానికి మనసొప్పలేదు. దాన్ని మామూలు వేగంతో, సౌండ్‌తో, కాళ్ళు చాపుకుని కూర్చుని చూడాలి. అమ్మ చూడలేకపోయింది నేను చూడాలి. వచ్చేస్తుందో లేదో నాకు తెలియాలి. చూద్దాంలే, ఒకరోజు కుదరకపోతుందా అనుకుని చుక్క అంటించి అరలో పెట్టేశాను.

ఎవరు వద్దన్నారు నిన్ను అని మీరు అడగొచ్చు. ఎవరూ వద్దనలేదు. అదే చిత్రం. అత్తయ్య కాళ్ళకి వేడినీళ్ళ సంచి, మా పాప పరీక్షలు, షాపులో ఇంకో అమ్మాయి సెలవు పెడితే సాయంత్రం దాకా కౌంటరు, ఇంటికొస్తే కొత్త అట్టపెట్టె. ఒక మధ్యాహ్నం తెగించి ఆ సినిమా పెట్టుకుని కూర్చున్నాను కూడా. పేర్లు పడుతుండగానే అత్తయ్య మంచినీళ్ళకి లేచొచ్చి నన్ను చూసి ఆగిపోయింది. "ఖాళీగా కూర్చున్నావేంటమ్మాయ్, ఒంట్లో బాలేదా?" అంది. వెటకారం కాదు, పాపం నిజంగానే కంగారుపడింది. మా ఇంట్లో ఆడది పగలు కూర్చుందంటే జ్వరమన్నా వచ్చి ఉండాలి. నాకు నవ్వొచ్చింది, లేచిపోయాను. లేచినందుకు తర్వాత నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఒక ఆదివారం ఆయన గురువుగారు వచ్చారు. రిటైరైన పెద్దాయన, ఆయన మెచ్చుకుంటే మావారికి బిరుదు ఇచ్చినట్టే. ఆ రోజు అరలోంచి మావారు తీసింది పడవ సినిమా. దొరకని ప్రింటు సార్, మచ్చ లేదు, ఇంట్లోనే ప్రతిదీ చివరిదాకా చెక్ చేసి గానీ అరలో పెట్టం అంటున్నారు. ఆ మాట చెవిన పడినా పట్టించుకునే స్థితిలో లేను. ఇవాళ చూస్తాను అన్న ఒక్క ఆలోచనే ఒళ్ళంతా పాకింది. టీ ముందే కాచి ఫ్లాస్కులో పోశాను, కప్పులు ముందే సర్దాను, అత్తయ్యకి మాత్ర ముందే ఇచ్చేశాను. వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. తాడు కిర్రుమనడం చిన్నప్పటి తర్వాత మళ్ళీ అప్పుడే విన్నాను.

ఆమె ఒక్కతే వచ్చింది. పడవెక్కింది. తాడు మీద చెయ్యి వేసింది. బొమ్మ ముక్కలు ముక్కలైంది. చెయ్యి ఒక చోట, మొహం ఒక చోట, నీళ్ళు గళ్ళు గళ్ళుగా ఆగిపోయాయి. ఆయన రిమోట్‌ని నొక్కారు, మళ్ళీ నొక్కారు. లేచి డిస్కు తీసి కిటికీ వెలుతురుకి పట్టారు. అంచు దగ్గర సన్నటి గీత, బూజు. పెట్టె తిప్పి చుక్కని చూశారు. తర్వాత నన్ను చూశారు. ఆయనతో పాటు అందరూ చూశారు.

"దీన్ని నువ్వు చెక్ చేశావా?"

"చివర చూడలేదండీ."

"చూడకుండా చుక్క ఎలా పెట్టావు?"

ఏమని చెప్పాలి? మా అమ్మ చూడలేదు కాబట్టి దాచుకున్నాననా?

"ఒక్క పని," అన్నారు ఆయన. గొంతు పెంచలేదు. "ఈ ఇంట్లో నేను నీకు అప్పజెప్పింది ఒకే ఒక్క పని. అది కూడా శుభ్రంగా చేయలేవా?"

తలకొట్టేసినట్టయింది. పోనీలేవయ్యా, ఆవిడకి ఇవేం తెలుస్తాయి పాపం అన్నారు గురువుగారు, నన్ను కాపాడుతున్నాననుకుని. ఇంతకీ చివర ఏమవుతుంది అని ఎవరో అడిగితే, మావారు ఆ దర్శకుడి బాల్యం గురించి చెప్పడం మొదలుపెట్టారు. నేను ఫ్లాస్కు మూత తిప్పి కప్పుల్లో టీ పోశాను. సగం సాసర్లలోకే ఒలికింది. తలెత్తి చూస్తే మా పాప తన గది తలుపు దగ్గర నిలబడి ఉంది. పదో తరగతి పిల్ల, అన్నీ అర్థమయ్యే వయసు. నాతో చూపు కలపకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అన్నిటికంటే ఆ తలుపు చప్పుడే నన్ను ఎక్కువ కోసింది. ఒకే ఒక్క పని అట. ఆయన తిన్న ప్లేట్లు, వేసుకున్న చొక్కాలు, వాళ్ళమ్మ కాళ్ళు, నా షాపు, ఈ పిల్ల, ఇవన్నీ వాటంతటవే జరిగిపోతున్నాయన్నమాట.

ఆ సాయంత్రం ఆయన మెత్తబడ్డారు. నలుగురిలో అలా అని ఉండాల్సింది కాదు, కానీ నా పరువు గురించి నువ్వు కూడా ఆలోచించాలి కదా అన్నారు. అది క్షమాపణో, రెండో విడత చీవాట్లో తేల్చుకోలేకపోయాను. అప్పటికే ఇంకో కాపీకి చెప్పేశారట.

కాపీ వచ్చింది. పాపకి అప్పుడు పరీక్షల ముందు ఇచ్చే సెలవులు. పొద్దున్నే అందరం టిఫిన్ తింటుంటే ఆయన ఆ పార్సిల్ తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టారు. ఈ ఆదివారం సార్ మళ్ళీ వస్తానన్నారు, ఈసారి చివరిదాకా చెక్ చెయ్యి అన్నారు. తర్వాత పాప వైపు తిరిగారు.

"నువ్వు కూడా అమ్మ పక్కన కూర్చుని నేర్చుకోరా. అమ్మకి ఓపిక తగ్గుతోంది. ఇక నువ్వే అందుకోవాలి."

ప్రేమగానే అన్నారు. పాప ప్లేటులోకి చూస్తూ "ఊ" అంది. ఆ ఊ నాకు బాగా తెలుసు. అది నాది. ఇన్నేళ్ళుగా నేను అంటూ వచ్చిన ఊ, నా బిడ్డ నోట్లోంచి అచ్చం అలాగే, తల కూడా ఎత్తకుండా వచ్చింది. నాకు నేర్పడానికి ఆయన చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. దీనికి అదీ అక్కర్లేకపోయింది. పార్సిల్ తీసి ప్లేయర్ పక్కన పెట్టి షాపుకి వెళ్ళాను. ఆ పూటంతా బిల్లులు తప్పులు కొట్టాను. చివరికి మేనేజరు తన కళ్ళజోడు తీసి నాకిస్తూ, ఇది పెట్టుకుంటారా మేడమ్ అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి, అత్తయ్యకి వడ్డించి, ఆవిడ నడుం వాల్చాక హాల్లోకి వచ్చేసరికి పాప మెత్తటి గుడ్డ, చుక్కల అట్ట పట్టుకుని సిద్ధంగా ఉంది. డిస్కుని వెలుతురుకి పట్టి, మధ్యలోంచి అంచుకి కదమ్మా తుడవాల్సింది అంది. నేనెప్పుడూ చెప్పలేదు. చూసి చూసి వచ్చేసింది.

ప్లేయర్లో వేశాను. పాప రిమోట్ అందుకుంది. ఫాస్ట్‌లో పెట్టనా అంది. వద్దు, మామూలుగానే చూద్దాం అన్నాను. సౌండ్ పెడితే నానమ్మ లేస్తుంది అంది. లేవనీ అన్నాను. తెరకి ఎదురుగా ఆయన తోలు కుర్చీ ఉంటుంది. దాన్ని నేను రోజూ తుడుస్తాను, ఎప్పుడూ కూర్చోలేదు. వెళ్ళి, చుక్కల అట్ట ఒళ్ళో పెట్టుకుని అందులో కూర్చున్నాను.

"అది నాన్న కుర్చీ," అంది పాప.

"తెలుసు. నువ్వూ రా."

వచ్చి చెయ్యి ఆన్చే చోట ఒదిగి కూర్చుంది. మొదట్లో కాళ్ళు ఊపింది, ఫోన్ చూసుకుంది. పడవ రెండోసారి నది దాటేసరికి ఫోన్ పక్కన పెట్టింది. మామూలు వేగంలో ఆ నది ఎంత వెడల్పో అప్పుడు తెలిసింది. వేగంగా తిప్పినప్పుడు ఆమె అరచేతులు నాకు కనపడలేదు. ఇప్పుడు ఒక్కో లాగుడుకీ తాడు ఆ చేతుల్లో ఎలా కోసుకుపోతోందో కనపడుతోంది. పాప తెరని చూస్తూనే నా చెయ్యి తీసుకుని, బొటనవేలి పక్కన కాలిన మచ్చ మీద వేలు పెట్టి అలాగే ఉంచింది.

చప్పుడుకి అత్తయ్య లేచొచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి, ఏంటే ఈ గోల అంది. చెకింగ్ అత్తయ్యా అని నోటిదాకా వచ్చింది. "సినిమా చూస్తున్నాం" అన్నాను. నేను ఏ కుర్చీలో కూర్చున్నానో చూసింది. ఏదో అనబోయింది. అప్పుడే తెర మీద, అవతలి ఒడ్డున ఒక పసిబిడ్డని దింపి ఆ మనిషి వెనక్కి తిరిగింది, ఇవతలి నుంచి మొగుడి కేక వినపడింది. అత్తయ్య అనబోయింది అనలేదు. కాసేపటికి చూస్తే స్టూలు జరుపుకుని కూర్చుని ఉంది.

కిటికీలో ఎండ పచ్చబడింది. ఆయన వచ్చే వేళ. టీ నీళ్ళు పెట్టలేదు, తాడు మీద బట్టలు తీయలేదు. నా ఒళ్ళు దానంతటదే కుర్చీలోంచి లేవబోతోంది. అమ్మ చెయ్యి నా మణికట్టు పట్టుకుని పదవే, పదవే అంటున్నట్టే ఉంది. నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. తెర మీద ఆమె ఒక్కతే వచ్చింది. పడవెక్కింది. తాడు మీద చెయ్యి వేసింది.

బెల్ మోగింది.

పాప ఉలిక్కిపడి లేచింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. పడవ కదిలింది. ఆమె తొందరపడడం లేదు, లాగుతోంది, ఆగుతోంది, లాగుతోంది. బెల్ మళ్ళీ మోగింది, ఈసారి పొడుగ్గా. ఆవలి ఒడ్డు వచ్చింది. ఆమె ఒక కాలు దింపింది, తర్వాత రెండోది. ఆ ఒడ్డు మీద ఆమె రెండు పాదాలు పక్కపక్కన కనపడడం ఆ సినిమాలో అదే మొదటిసారి. వంగి పడవని ఒక్క తోపు తోసింది. తాడు వెంబడి పడవ మెల్లగా వెనక్కి బయల్దేరింది. చెట్టు కింద మొగుడు లేచి నిలబడ్డాడు. పడవ వచ్చి ఒడ్డుకి తగిలి ఆగింది. అందులో ఎవరూ లేరు.

నాకు ఏడుపు ఆగలేదు. తెర మీది ఆమె కోసం కాదు. తాళంచెవి పిడికిట్లో పట్టుకుని, నన్ను లాక్కుంటూ, లేని ముగింపులు అల్లుకుంటూ ఇంటికి పరిగెత్తిన మా అమ్మ కోసం. చుక్కల అట్ట నా ఒళ్ళోంచి జారి కింద పడింది. తీయలేదు.

"ఆమె ఇంక రాదా అమ్మా?" అంది పాప.

"రాదు."

బెల్ ఆగకుండా మోగుతోంది. అత్తయ్య కళ్ళు తెర మీద ఖాళీ పడవ దగ్గరే ఉన్నాయి. స్టూలు మీంచి కదలకుండానే, చాలా నెమ్మదిగా అంది.

"వాడొచ్చాడే అమ్మాయ్."

"ఆయన దగ్గర తాళంచెవి ఉందత్తయ్యా," అన్నాను.